అత్త ఉంటున్న ఇల్లు, నాకు రావలసిన ఇల్లు

నన్ను "ఐపీ పెట్టినోడు" అని నలుగురిలో మొదట పిలిచింది నా బావమరిదే. వాళ్ళ కూతురి పెళ్ళి పందిట్లో, వడ్డించేవాళ్ళ ముందు అన్నాడు. నేను మర్చిపోలేదు.

పొలంలో నాలుగు బోర్లు వేయించడానికి అతని దగ్గరే అప్పు తీసుకున్నాను. నాలుగూ ఎండిపోయాయి. ఖతార్‌లోని అల్ ఖోర్‌లో ఒక ఇంటి కారు నడిపే జీతంతో అది తీరేది కాదు. ఊళ్ళో లాయర్ని పెట్టుకుని ఐపీ, అంటే దివాలా పిటిషన్, వేశాను. పొలం పోతే పోనీ, ఇల్లు మాత్రం వదలకూడదనుకున్నాను.

ఆ ఇల్లు ఇంకా నాది కాదు. తాత వీలునామా ప్రకారం మేనత్త బతికున్నంతకాలం ఆమెది, ఆ తర్వాత నాది. రైతు కాపురముండే ఇంటిని అప్పులవాళ్ళు ముట్టుకోకూడదని లాయర్ చెప్పాడు. రేపు నాకు రాబోయే ఇల్లు గనక దాన్నీ మినహాయించమని రాయించాను.

అత్తకు నోటీసు వెళ్ళింది.

"ఏమిరా, నేనింగా బతికే ఉండా గదా! అప్పుడే నీదని రాపిస్తివా?" అంది ఫోన్లో. ఆ తర్వాత మూడు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. సెలవుకు వెళ్ళినప్పుడల్లా "ఇల్లు నీదే గదరా" అంటూ నా చేత సున్నం కొట్టించింది ఈ అత్తే.

కోర్టు పనులకు లాయర్ పేర పవరాఫ్ అటార్నీ పంపాలి. దోహాలో టైపింగ్ షాపువాడు "కామ్ క్యా?" అని నేను చేసే పని అడిగాడు. పన్నెండేళ్ళుగా చెప్పే మాటే చెప్పాను: డ్రైవర్. అదే టైపు చేశాడు, ఎంబసీ ముద్ర కూడా పడింది. బావమరిది తరఫు లాయర్ ఆ కాగితాన్నే జడ్జికి చూపించాడు.

"రైతని రాయించొద్దా అప్పా?" అన్నాడు మా లాయర్.

"ముందే చెప్పొద్దా సార్?"

నేను రైతును కాననీ, ఆ ఇంట్లో కాపురం లేననీ, మినహాయింపు కుదరదనీ తేల్చారు. అత్త తర్వాత నాకు రావలసిన హక్కును వేలం వేస్తారట. పాడుకునేది బావమరిదేనని ఊరంతా తెలుసు.

ఆ సంగతి అత్తకు నేనే చెప్పాను.

"పాడుకోనీలే," అంది నింపాదిగా. "వానికి షుగరు, బీపీ. నాకేమి రోగం? నేను పొయ్యేదాకా కాసుకోని కూచోమను."

నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఆమె గడప ఆమెకు ఉంది, పోయింది నాదే.

లాయర్‌కు ఫోన్ చేసి అప్పీలు వేయమన్నాను.

"గెలవమప్పా."

"అది తేలేదాకా వేలం ఆగుతుందా?"

"ఆగితే ఆగొచ్చు."

వేయమన్నాను. ఓపిక ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ ఇంటిని బావమరిది, డ్రైవర్‌నని నేను పెట్టిన సంతకంతో తీసుకోకూడదు.