భూషణం సారు పాఠంలో లేని పరీక్ష

ఇప్పపూల వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది. ఎండాకాలం పొద్దున భద్రాచలం దారిలో ఆ వాసన గోడ కట్టినట్టు నిలబడుతుంది. మా బస్సు దాన్ని గుద్దుకునే ముందుకు పోతుంది. ఆ గోడ అవతల భూషణం సారు ఉంటారు.

అడవి అంచు బడిలో ఆయన హెడ్మాస్టరు, నేను కొత్త పంతులును. "ఉన్నది ఉన్నట్టు చెప్తే పిల్లలు నిద్రపోతరయ్యా, కొంచెం ఉబ్బించాలె" అని నాకు నేర్పింది ఆయనే. పక్క మీద ఒత్తిగిల్లితే చాలు, ఆయనకు లోకం గిర్రున తిరిగేది, నిమిషంలోపే ఆగేది. లోపలి చెవిలో సన్నటి రేణువులు చోటు తప్పాయని చెప్పి, ఖమ్మం డాక్టరు తలను ఓ పద్ధతిలో తిప్పి నయం చేశాడు. సారు నోట పడ్డాక ఆ రేణువులు కొత్తగూడెం గనుల్లో కూడా దొరకనంత పెద్ద బొగ్గు పెళ్లలయ్యాయి.

"మరి ఆ తిరుగుడు చెవిది కాక పక్షవాతమైతే ఎట్ల తెలుస్తది సారూ?" అని అడిగాను.

"రెండు చేతులు లేపు, నవ్వు, పేరు చెప్పు. మూడూ కుదిరితే చెవే."

ఇక రోజూ ప్రార్థనలో బడి బడంతా చేతులు లేపి, నవ్వి, పేర్లు అరిచేది. ఆ కేకకు అడవిలో నెమళ్లు కూడా హాజరు పలికేవి.

ఓ ఒంటిపూట బడి పొద్దున, ప్రార్థన మధ్యలో సారు జెండా కర్రను వాటేసుకున్నారు. వాంతి చేసుకున్నారు. కుర్చీలో కూర్చోబెడితే బియ్యం బస్తాలా ఎడమ పక్కకు ఒరిగిపోయారు. తల కదపకపోయినా ఆయనకు లోకం తిరగడం ఆగలేదు. అయినా తనంతట తనే చేతులు లేపారు, నవ్వారు, పేరు చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"సారూ, ఒక్కసారి లేచి నిలబడుండ్రి."

"భూమే నిలబడ్తలేదు, నేనేడ నిలబడాలె? చెవేనయ్యా."

"ఈసారి ఆగుతలేదు సారూ. బండి పిలుస్త."

"నా చెవి సంగతి నీకెరుకనా, నాకెరుకనా?"

లెక్కల పంతులు ఆయన్ను బెంచీ మీద పడుకోబెట్టి, అప్పుడు డాక్టరు తిప్పినట్టే ఆయన తల తిప్పాడు. అందరం ఆయన శిష్యులమే కదా. మగత కమ్మి, వద్దనే ఓపిక ఆయనకు పోయాకే బండి ఎక్కించగలిగాం.

"మెదడు వెనక భాగానికి రక్తం అందలేదు," అన్నాడు ఖమ్మం దవాఖానాలో డాక్టరు. "పక్షవాతం అక్కడ వస్తే చేతులు, మూతి బాగానే ఉండొచ్చు. నిలబడలేకపోవడమే గుర్తు. పొద్దున్నే తేవాల్సింది."

సారు తిరిగి రాలేదు.

ఆయన మీద నాకింకా కోపమే. నవ్వించే విద్య ఆయన పెట్టిన భిక్ష. ఆ విద్యే ఆయన్ను తినేసింది. ఇప్పుడు ప్రార్థనలో నేనూ పిల్లలతో చేతులు లేపిస్తాను, నవ్విస్తాను, నెమళ్లను ఏనుగులంత చేస్తాను. చివర్లో మాత్రం, "నిలబడలేకపోయినా, తిరగడం ఆగకపోయినా, చెవా మెదడా అని వాదం పెట్టుకోకుండ్రి. బండి పిలువుండ్రి" అంటాను. ఆ ఒక్కటి ఉన్నది ఉన్నట్టే చెప్తాను. ఒక్క పిల్లాడూ నిద్రపోడు.