రెండో సగం

అర్విడ్ స్కోగ్లుండ్ కూతురి ఆటకి వచ్చినప్పుడల్లా తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. విరామం బూర మోగగానే టోపీ తలకి తగిలించుకుని, ఆటస్థలం వైపు ఒకసారి చెయ్యూపి, మంచులో నిలబెట్టిన పాత ట్రక్కెక్కి వెళ్ళిపోయేవాడు. ఆటలు శనివారం మధ్యాహ్నాలు. గ్రాన్‌వుడ్ కాలేజీ నుంచి వాళ్ళ పశువుల కొట్టం గంట దూరం. పితికే వేళ దాటితే ఆవులు ఊరుకోవు. ఆయనకి ఉండబుద్ధి కాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. విరామానికే గ్రాన్‌వుడ్ అమ్మాయిలు ముప్ఫై పాయింట్లు ముందుండేవాళ్ళు.

"గెలిచేశారు కదే తల్లీ! ఇంక నేనుండి పొడిచేదేముంది? ఇక్కడ పొదుగులు బరువెక్కి ఆవులు అరుస్తుంటాయి" అనేవాడు ఫోన్లో.

మారిట్ ఆ బాస్కెట్‌బాల్ జట్టుకి బంతి నడిపే పిల్ల. ఆట ఎప్పుడు పరిగెత్తాలో, ఎప్పుడు నడవాలో ఆమె చెయ్యే చెప్పేది. నాలుగేళ్ళుగా లీగులో ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆ నాలుగేళ్ళలో కన్నతండ్రి ఆమె ఆట రెండో సగం ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. తల్లి లేని పిల్ల. జనం ఎంతమంది చప్పట్లు కొడితేనేం, ఆ తలుపు పక్క ఖాళీ కుర్చీయే ఆమె కళ్ళలో పడేది.

ఊరివాళ్ళ సంగతి సరేసరి. శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడానికి డెల్మర్ నడిపే బారుకి వెళ్తే చాలు, అతను గల్లాపెట్టె దగ్గర నుంచే అందుకునేవాడు.

"ఏం మారిట్! ఈసారి ఎవర్ని చితక్కొట్టారు? దంతవైద్యం కాలేజీనా, కుట్టుపని బడినా?"

"మొన్న గెలుపు నలభై తేడాతో, డెల్మర్."

"అదేనమ్మా నేనడిగేది. నలభై తేడాతో ఓడేవాళ్ళు అసలు ఆడడానికి వచ్చారా, పిక్నిక్‌కి వచ్చారా?"

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి, చేప ముక్క మింగుడు పడక బీరుతో దింపుకునేది.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారే, ఆ మాట మోస్తూ తిరిగింది ఆ జట్టు. పోనీ పెద్ద చెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడదామా అంటే, ఆ పెద్ద విశ్వవిద్యాలయాలు రానిస్తేగా! కోచ్ డ్వొరాక్ ప్రతి వేసవీ ఫోను చెవికి అంటించుకుని ఒక్క ఆట ఆడండని బతిమాలేది. వాళ్ళు మర్యాదగా తప్పించుకునేవాళ్ళు. ఈ పిల్లల మీద గెలిస్తే వాళ్ళకి వచ్చే పేరు లేదు, ఓడితే పోయే పరువు బోలెడు. ఇక లీగులో నలభై తేడాతో గెలిస్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మొహం చిట్లించేవాళ్ళు, పదిహేను తేడాతో గెలిస్తే పస లేదని పెదవి విరిచేవాళ్ళు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. గెలుపులో కూడా ఊపిరాడకపోవడం అంటే ఏమిటో ఆ పిల్లల్ని అడగాలి.

ఆఖరి ఏడు మాత్రం ఒక ఆశ పుట్టింది. మార్చిలో జరిగే జాతీయ పోటీల్లో దేశం మొత్తమ్మీద పై పదహారు జట్లకి మొదటి రెండు ఆటలూ సొంత ఊళ్ళోనే పెడతారు. గ్రాన్‌వుడ్‌కి ఆ భాగ్యం ఎన్నడూ పట్టలేదు. ఈసారి పదిహేనో స్థానంలో ఉన్నారని, ఇక ఢోకా లేదని రేడియోవాళ్ళు తేల్చేశారు.

"నాన్నా, ఇక్కడే పెడితే వస్తావా?"

"అసలైన జట్టు మన ఊరొచ్చి నీతో ఆడితే ఎందుకు రాను? పితకడానికి మనిషిని పెట్టి మరీ వస్తా. బూర మోగేదాకా కదలను, సరేనా?"

"ఇప్పుడు మాత్రం మనిషిని పెట్టకూడదేం?"

"గెలిచేసిన ఆటకి మనిషినా! ఎవరన్నా వింటే నవ్వుతారే."

ఆమె కూడా నవ్వి ఫోను పెట్టేసింది.

లీగులో చివరి ఆట సెయింట్ వెరీనా కాలేజీతో. పట్టికలో అట్టడుగు జట్టు అది. వాళ్ళ బంతి నడిపే పిల్ల జోడీ కిండ్‌షీ, మేకపాల జున్ను చేసేవాళ్ళ అమ్మాయి. ఎన్నిసార్లు ఓడినా నవ్వుతూ చెయ్యి కలిపే రకం. గ్రాన్‌వుడ్‌లో చివరి ఏడు చదివే పిల్లలకి ఆ రోజు పువ్వులిచ్చి సాగనంపుతారు. మారిట్ పువ్వులు తండ్రి చేతిలో పెట్టింది. ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకుని, టోపీ మోకాలికి తగిలించుకుని, అలవాటు ప్రకారం తలుపు పక్కనే కూర్చున్నాడు.

ఆ టోపీని చూసేసరికి ఆమెకి బుద్ధి గడ్డి తింది. పెద్ద పన్నాగమేమీ కాదు. ఈ ఒక్క సగం కాస్త నెమ్మదిగా నడిపిస్తే ఆట దగ్గర దగ్గరగా ఉంటుంది, నాన్న ఉండిపోతాడు, రెండో సగంలో ఎలాగూ లాగేయొచ్చు అనుకుంది. అంతే. అందించాల్సిన బంతిని ఒక క్షణం ఆలస్యంగా అందించింది. పరిగెత్తాల్సిన చోట నడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు.

విరామానికి తేడా నాలుగే పాయింట్లు. అర్విడ్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. పాయింట్ల పలక వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. టోపీ తీసేసి కూర్చున్నాడు. మారిట్‌కి సంతోషంతో ఒళ్ళు ఝల్లుమంది. ఆ వెనకే సిగ్గు కూడా వచ్చింది కాని, దాన్ని పక్కకి నెట్టేసింది.

"ఏమైంది నీకు?" అంది కోచ్ డ్వొరాక్ లోపలి గదిలో.

"ఏం లేదు, కోచ్."

"ఏం లేకపోతే ఆటేదీ? ఇంక ఆడు."

ఆడబోయింది. కాని అప్పటికే జోడీ వాళ్ళకి రుచి తెలిసింది. గెలవొచ్చేమో అన్న ఊహ ఆ పిల్లల జన్మలో మొదటిసారి వచ్చింది. పూనకం వచ్చినట్టు ఎగిరి ఎగిరి వేస్తున్నారు, వేసినవల్లా పడుతున్నాయి. గ్రాన్‌వుడ్ పిల్లలకేమో పోటాపోటీ ఆట ఎలా ఉంటుందో తెలియదు. నాలుగేళ్ళుగా ఎవరూ వాళ్ళని అంత దూరం తీసుకెళ్ళలేదు మరి. కాళ్ళు తడబడ్డాయి, ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. మారిట్ ఎంత తొందరపెట్టినా జారవిడిచిన పట్టు చేతికి రాలేదు. ఇంక క్షణాల్లో అయిపోతుందనగా పాయింట్లు సమానం. జోడీ చెయ్యి తగలడంతో మారిట్‌కి అడ్డు లేకుండా రెండు బంతులు వేసుకునే అవకాశం వచ్చింది. చేతులు వణుకుతుండగానే వేసింది. రెండూ పడ్డాయి. రెండు పాయింట్లతో గెలిచారు.

అర్విడ్ మొట్టమొదటిసారి చెక్కనేల మీదికి దిగి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది, గొంతు పోయింది.

"ఆటంటే ఇదే తల్లీ! ఇన్నాళ్ళూ మీరు ఆడింది ఆటా?"

"మరి ఆవులు, నాన్నా?"

"అరవనీ!"

జోడీ వచ్చి మారిట్‌ని వాటేసుకుంది. ఏడుస్తోంది.

"ఓడిపోయినందుకు ఏడుస్తున్నాననుకునేవు! మిమ్మల్ని వణికించాం మారిట్! మేము! నీ చేతులు వణకడం నా కళ్ళతో చూశాను."

"బాగా ఆడారు" అంది మారిట్.

ఎనిమిది రోజుల తర్వాత జట్టంతా వ్యాయామశాలలో టీవీ ముందు చేరింది. పదహారు పేర్లూ చదివారు. గ్రాన్‌వుడ్ పదిహేడో జట్టు. బలహీనమైన లీగులో అట్టడుగు జట్టు మీద రెండు పాయింట్లతో గట్టెక్కినవాళ్ళకి సొంత ఊళ్ళో ఆడే భాగ్యం ఎలా ఇస్తామన్నాడు టీవీలో ఒకాయన. కోచ్ డ్వొరాక్ టీవీ కట్టేసింది. ఎవరూ మారిట్‌ని ఒక్క మాట అనలేదు. ఎవరన్నా అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. ఎక్కడో దక్షిణాన ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో వాళ్ళ రెండో ఆట ఓటమితో ముగిసింది, పంతొమ్మిది తేడాతో. ఆ ఆటని అర్విడ్ పాలు పితుకుతూ కొట్టంలో రేడియోలో విన్నాడు. సొంత ఊళ్ళో జనం కేకల మధ్య అయితే ఏమయ్యేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు మారిట్‌కి నలభై దాటాయి. ఆ ఆవుల్ని ఇప్పుడు ఆమే పితుకుతుంది. అర్విడ్‌కి మోకాళ్ళు పనిచెయ్యవు కాని, దాణా కొట్టుకి వెళ్దామంటే మాత్రం ముందు తనే ట్రక్కెక్కి కూర్చుంటాడు. ఆ కొట్టు నడిపేది జోడీ కిండ్‌షీ. ఆ ఇద్దరూ కలిశారంటే ఆ శనివారం మళ్ళీ మొదలు. మొన్న కొట్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. అందులో ఒకాయన నవ్వుతూ, "గ్రాన్‌వుడ్‌వాళ్ళు గెలిచింది ఎవరి మీదలెండి!" అన్నాడు.

"ఎవరి మీదేమిటయ్యా?" అని అర్విడ్ కర్ర నేలకేసి కొట్టాడు. "ఈ అమ్మాయి జట్టు మీద! నువ్వు చూశావా? నేను చూశాను, ఆఖరిదాకా కూర్చుని చూశాను."

"పెద్దాయన అబద్ధం చెప్పరు" అంది జోడీ, దాణా బస్తా బల్ల మీదికి లాగుతూ. "నాకు మా పిల్లలు పుట్టిన రోజులు కూడా అంత బాగా గుర్తు లేవు. ఇదిగో, ఇక్కడే ఉందిగా, అడగండి. నువ్వు చెప్పు మారిట్, ఆ రోజు మమ్మల్ని చూసి భయపడ్డావా లేదా?"

కొట్లో అందరూ ఆమె వైపు తిరిగారు. అర్విడ్ కర్ర మీద గడ్డం ఆనించి, కూతురి నోటి వెంట ఆ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాడు.

"భయపడ్డాను" అంది మారిట్. "అంత గట్టి జట్టుతో నేను మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు."

బస్తా భుజానికెత్తుకుని ట్రక్కు వైపు నడిచింది. వెనక కొట్లో వాళ్ళిద్దరూ మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.