ఫ్యూజు బోర్డుకు నిమ్మకాయ

నేను సూర్యాపేటకు కాపురానికొచ్చిన కొత్తల, మా వాడకట్టు మొత్తంల కరెంటు బుగ్గ ఉన్నది మా ఒక్క ఇంట్లనే. పక్కనున్న బియ్యం మిల్లోళ్లు సాయంత్రం ఇంజను నడిపిస్తే మాకు కరెంటొచ్చేది.

ఒకరోజు ఫ్యూజు పోతే మామ కొత్తది వేసిండు. ఊరోళ్ల దిష్టి తాకిందని మా అత్త శనివారం పొద్దున్నే ఫ్యూజు బోర్డుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టింది. దారమైతే ఎలుకలు కొరుకుతయని ఇనుప తీగకు గుచ్చింది. ఆ సాయంత్రం కరెంటు రాంగనే ఫ్యూజు టప్పుమన్నది. మామ మాడిన నిమ్మకాయ తీసేసి కొత్త ఫ్యూజు వేస్తే శుక్రవారం దాక బుగ్గ సక్కగ వెలిగింది. శనివారం అత్త ఇంకో నిమ్మకాయ కట్టింది. మళ్ల టప్పు.

గిట్ల నెల గడిచింది. "కోడలొచ్చినంకనే గిదంత" అని అత్త నా దిక్కు సూసుడు మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండి, మిల్లుల పనిచేసే కోదాడ మిస్త్రీని పిలిపించిన.

ఆయన బోర్డు సూసి నవ్విండు. "ఈ ఇనుప తీగ రెండు వైర్ల మరమేకులకూ తగిలి షార్టవుతోందమ్మా. ఫ్యూజు పోయేది దీనివల్లే."

"నీకేం తెల్సు, దిష్టిని గుంజేది గదే" అన్నది అత్త.

మిస్త్రీ పోయినంక ఇంట్ల ఉన్న ఇనుప తీగంత బాయిల పడేసిన.

శనివారం పొద్దున అత్త ఇల్లంత దేవులాడింది. "తీగేదే?"

"దిష్టి గుంజుకపోయింది అత్తా."

అత్త నిమ్మకాయను దారంతోనే కట్టింది. సాయంత్రం బుగ్గ ఆరలే. దిష్టి తీగతోనే పోయిందని వాడకట్టంత తిరిగి చెప్పింది. అందుల అబద్ధమేమున్నది.