కత్తిరించిన జోలపాట

అరవైల మొదట్లో నేను కదిరిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్ని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, జనమంతా పాటల కోసం వస్తే నాకు మాత్రం పాటంటే చిరాకు. కథ పరుగెత్తుతుంటే కాళ్ళకు అడ్డం పడేది పాటేనని నా గట్టి నమ్మకం.

మా హాల్లో ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం ఆట రెండు గంటలకు మొదలయ్యేది. పల్లెలకు పోయే చివరి బస్సు ఐదున్నరకు. ఉన్నది ఒక్కటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. సినిమా పొడుగైతే, కథ తేలకముందే జనం లేచి బస్సుకు పరుగెత్తేవాళ్ళు. అందుకని ఓనరు "ఒక పాట లేపెయ్యప్పా" అనేవాడు. నేను పాట ముక్కను కత్తిరించి, మిగిలిన కొసలు రెండూ అతికించి, ముక్కను డబ్బాలో దాచేవాణ్ణి. సినిమా తిరిగి పంపేముందు మళ్ళీ కలిపేవాణ్ణి. ఎప్పుడూ డాన్సు పాటకే కత్తెర పడేది.

ఒక కరువు ఏట నా చెల్లెలి బిడ్డ జ్వరంతో పోయింది. ఎనిమిది నెలల పసికందు. చెల్లెలు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. మూడో రోజే సర్కారు పెట్టిన కరువు పనికి పోయి రోడ్డు పక్కన కంకర కొట్టింది. ఆమె అత్త రాతిగుండె దానా అని తిట్టింది. మా అమ్మ మాత్రం భయపడింది.

"బిడ్డ పోయిన తల్లి కథంట గదా ఇప్పుడు ఆడతాండేది. దాన్ని పిల్చుకపోరా. ఏడ్చనీ. ఏడ్చకపోతే అది బతకదు" అనింది.

ఆ సినిమాలో బిడ్డ చనిపోయాక తల్లి ఖాళీ ఉయ్యాల ఊపుతూ జోలపాట పాడుతుంది. పాటంతా అక్కడే కూర్చుని ఉంటుంది. ఇంకేమీ జరగదు. చెల్లెలు దీన్ని చూస్తే తట్టుకోలేదని నాకు భయమేసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా, ఏడ్చనీ అన్న అమ్మ మాట చెవిన పెట్టలేదు. చెల్లెలు వచ్చిన రోజు డాన్సు పాటను వదిలేసి జోలపాటను కత్తిరించాను. తెర మీద బిడ్డ ప్రాణం పోయిన మరుక్షణమే తల్లి పొయ్యి ఊదుతూ కనిపించింది.

ఆట అయ్యాక బస్టాండులో చెల్లెలి మొహం కొంచెం తేటగా ఉంది.

"సినిమాలో ఆయమ్మ గూడా ఏడ్చలేదు సూడన్నా. లేసి పొయ్యి అంటిచ్చింది. నేనొక్కదాన్నే అట్లుండానేమో అనుకుంటి" అంది.

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పాటను తిరిగి అతికించి, ఏ పాటా లేపకుండా ఆట వేశాను. హాల్లో ఆడవాళ్ళందరూ కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. మిషను పక్కన నిలబడి నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఏమీ జరగని ఆ కాసేపు ఉంటేనే ఆ బిడ్డ పోయినట్టు. అది తీసేస్తే పోయినట్టే లేదు. అంత చిన్న సంగతి తెలియకుండా ఇన్నేళ్ళు కత్తెర పట్టుకున్నాను. ఆ రోజు సగం మందికి బస్సు తప్పింది, ఓనరు నానా మాటలన్నాడు.

వారం తర్వాత సినిమా ఊరు దాటిపోయింది. నేను చెల్లెలు పనిచేసే చోటికి పోయాను. ఎర్రటి ఎండలో కంకర కుప్ప ముందు కూర్చుని ఉంది. పక్కన కూలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నేనే కత్తిరిస్తినమ్మా. ఆయమ్మ ఏడ్చింది. ఉయ్యాల కాడ కూచోని పాటంతా ఏడ్చింది."

చెల్లెలు సుత్తి కింద పెట్టింది.

"ఎంతసేపు ఏడ్చిందన్నా?"

"ఐదు నిమిషాలు."

"అంతేనా?" అని మళ్ళీ సుత్తి అందుకుంది.