మూడో హోలుకు ఎడమ దారి

1964లో వానాకాలం ముగిసే వేళకు నేను బోధన్ దగ్గరి ఒక ప్రైవేటు చక్కెర మిల్లులో సివిల్ ఇంజనీరుగా చేరాను. చిన్న మిల్లు, ఇప్పుడు లేదు, పేరు అనవసరం. గోదాముల కప్పులు, చెరకు బండ్ల రోడ్లు నా పని అనుకున్నాను. అయితే మా జనరల్ మేనేజరు గారు సికింద్రాబాదులో ఎవరితోనో గోల్ఫ్ ఆడి వచ్చారు. ఆయన ఆడారు కాబట్టి అధికారులందరూ ఆడాలి. మైదానం గీసే పని నా నెత్తిన పడింది.

పని శ్రద్ధగానే చేశాను. గోల్ఫ్ మైదానం గీయడమంటే గుంతలు తవ్వి జెండాలు పాతడం కాదు. కొట్టే ముందు ఆటగాడు నిలబడి ఆలోచించాలి, ఆట అయ్యాక క్లబ్బులో కూర్చుని వాదించుకోవాలి. బంతి మొదలయ్యే చోటు నుంచి జెండా గుంత దాకా ఉన్న భాగాన్ని హోలు అంటారు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాడిదే గెలుపు. మా మూడో హోలు ఎడమ భాగాన్ని నిజాంసాగర్ నీళ్లు తెచ్చే పిల్లకాలువ ఏటవాలుగా కోసుకుపోయేది. ఎడమ నుంచి కాలువ మీదుగా కొడితే రెండు దెబ్బల్లో జెండా దగ్గరికి చేరవచ్చు. తప్పితే బంతి నీళ్లపాలు. కుడి నుంచి చుట్టు తిరిగితే భయం లేదు, ఒక దెబ్బ ఎక్కువ. కాలువ నీళ్లు చెరకువి కనుక గుంత చుట్టూ గడ్డి పెంచలేదు. గడ్డికి బదులు ఇసుకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి పరిచి రోలరు తిప్పించాను.

మొదటి ఆదివారమే నా ఆశల మీద నీళ్లు చల్లారు. జీఎం గారు కుడికి కొట్టారు. వెనక చీఫ్ కెమిస్టు కుడికి, ఆ వెనక అకౌంటెంటు కుడికి. మిల్లులో హోదా వరస ఏదో మైదానంలోనూ అదే. పై అధికారి బంతిని దాటి కిందివాడి బంతి పడకూడదు. పొరపాటున పడితే గాలి తోసిందని సంజాయిషీ చెప్పుకునేవాడు. నాకు రోత పుట్టింది. క్లబ్బులో వాదన జరిగేది, నిజమే. జీఎం గారి దెబ్బ గొప్పదా, మహా గొప్పదా అని.

చెరకు విభాగంలో ప్రభుదాస్ అనే ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. నిజామాబాద్ మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. ప్రొబేషన్ మీద ఉన్నాడు. ఆ ఏటి చెరకు క్రషింగు ముగిసేలోగా ఉద్యోగం పర్మినెంటు కావాలి. ఒక ఆదివారం ఆటకు మనిషి తక్కువై అతన్ని పిలిచారు. మొదటి రెండు హోళ్లలో జీఎం గారితో సమానంగా నిలిచాడు. మూడోదాని దగ్గర ఆయన ఎప్పటిలాగే కుడికి కొట్టి ముందుకు నడిచారు. అకౌంటెంటు ప్రభుదాస్ పక్కకు చేరాడు.

"కుడిదిక్కు కొట్టు ప్రభుదాసూ. నౌకరి పక్కా అయినంక నీ ఇష్టమున్న దిక్కు కొట్టుకో" అన్నాడు.

ప్రభుదాస్ పక్కనే ఉన్న నా వైపు తిరిగాడు. "అందరు కుడిదిక్కే కొట్టాల్నంటే ఎడమదిక్కు ఎందుకు పెట్టిండ్రు సార్?"

"ఆడేటోడివి నువ్వు. సోంచాయించుకో" అన్నాను.

ఎడమకు కొట్టాడు. బంతి కాలువ దాటింది. రెండో దెబ్బకు జెండా పక్కన ఆగింది. జీఎం గారు ఇంకా కుడివైపు చుట్టు తిరుగుతూనే ఉన్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. చీఫ్ కెమిస్టు వంగి, కట్టి ఉన్న బూటు లేసులనే మళ్లీ కట్టుకున్నారు.

మరుసటి వారం కాలువ వెంట తెల్ల కట్టెలు పాతమని నాకు ఆజ్ఞ వచ్చింది. ఎడమవైపు ఇక హద్దు బయట, అటు కొట్టిన బంతి చెల్లదు. కారణం ఆటగాళ్ల క్షేమమట. మోకాలి లోతు నీళ్లలో ఏ ఆటగాడు మునుగుతాడని జీఎం గారిని అడిగాను. నేను పాతనంటే అకౌంటెంటే దగ్గరుండి పాతించాడు. ప్రభుదాస్ ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ప్రొబేషన్ పొడిగించి, చందూర్ ఊళ్లో చెరకు బండ్ల తూకం చూడమని పంపారు.

పోయే ముందు నా దగ్గరికి వచ్చాడు. "మంచిదే సార్. ఆడ బండ్లోళ్లు దారి బందు వెడితే ఊకోరు, కొట్లాడ్తరు" అన్నాడు.

కొన్నాళ్లకు జీఎం గారు వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయన పేకాట మనిషి. నెల తిరక్కుండానే అధికారులందరికీ మోకాళ్ల నొప్పులు వచ్చాయి. మైదానంలో చెరకు వేశారు.

రిటైరయ్యేలోగా మరో రెండు మైదానాలు గీశాను. నేల కొలతలు తీయకముందే ఒకటి అడిగేవాణ్ణి: ఇక్కడ పెద్దసారును ఓడించవచ్చా అని. ఒక చోట కూడదన్నారు. అక్కడ ప్రతి జెండాకూ తిన్నగా ఒకటే దారి వేసి ఇచ్చాను. చాలా బాగుందన్నారు.