వాక్కాయ పొద మీద నేరం

తొంభైల్లో విజయవాడలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు రిటైరైన ఇంజనీరు. మొక్కల సంగతి ఆయనకు తెలిసిందల్లా నర్సరీవాళ్లు చెప్పిన పేర్లే. అయినా కనబడ్డవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. గేటుకు చెరోపక్క ఒక ముళ్ల పొద పెంచాడు. కుడివైపుది డురాంటా. ఊదారంగు పూలు, గుత్తులుగా పసుపు కాయలు. ఎడమవైపుదాన్ని "ఫారిన్ మల్లె" అనేవాడు.

నేను మైలవరం దగ్గర పుట్టినదాన్ని. తుంచితే పాలు కారే దళసరి ఆకులు, జంటముళ్లు, నక్షత్రాల్లాంటి తెల్లపూలు చూశాక ఇంకా అనుమానమేముంటుంది?

"ఇది వాక్కాయ చెట్టండీ. మావైపు చేలకి కంచెగా వేస్తారు. కాయలు పప్పులో వేసుకుంటాం," అన్నాను.

"పాలు కారేవన్నీ విషమేనమ్మా! పల్లెటూళ్లో కనబడ్డదల్లా నోట్లో వేసుకుంటారు కాబోలు," అని నవ్వాడు.

ఆ నవ్వుతో ఆయన నా దృష్టిలో చాలా చిన్నవాడైపోయాడు. వాక్కాయ పూసేది కొమ్మల చివర్లలోనే. ఆయనేమో ప్రతి ఆదివారం కత్తెర పట్టుకుని పొదను బంతిలా కత్తిరించేవాడు. లోపల దాక్కున్న నాలుగు పూలే కాయలయ్యేవి.

ఒక వేసవి సెలవుల చివర ఆయన మనవరాలు వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. మధ్యాహ్నం గేటు దగ్గర వాంతులు చేసుకుంటుంటే నేనే ముందు చూసి ఎత్తుకున్నాను. వాంతిలో పసుపు తొక్కలు.

"డురాంటా కాయలు తిందండీ!"

"కాదు, ఆ పాల చెట్టే!" అని ఆయన అక్కడే వాదన మొదలుపెట్టాడు. పిల్ల వాడిపోతుంటే వాదన!

నేను డురాంటా కొమ్మ విరుచుకుని, వాళ్ల నాయనమ్మతో కలిసి ఆటో ఎక్కాను. డాక్టరు కొమ్మ చూసి ఇవే కాయలన్నాడు. సాయంత్రం దాకా ఉంచుకుని, పిల్ల తేరుకున్నాక పంపించాడు.

మేం తిరిగొచ్చేసరికి వాక్కాయ పొద వేళ్లతో సహా రోడ్డు మీద పడి ఉంది.

"పీడ వదిలింది," అన్నాడాయన.

"డాక్టరుగారు డురాంటా అన్నారండీ," అంది ఆవిడ.

"ఆయనకేం తెలుసు మొక్కల గురించి?"

మర్నాడు పొద్దున్న ఆయన పేపరు చదువుతుండగానే ఆవిడ గొడ్డలి తెచ్చి డురాంటాను మొదలంటా నరికేసింది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు, అంతే.

పడేసిన పొదలో నల్లగా పండినవి కొన్ని దొరికాయి. వాక్కాయ గింజ ఎండిపోతే మొలవదు కాబట్టి అప్పటికప్పుడే కుండీలో వేశాను. పచ్చికాయలతో పప్పు వండి ఆవిడకు గిన్నెడు ఇచ్చాను. ఆయనకు ఇవ్వబుద్ధి కాలేదు.

తర్వాత కొన్నేళ్లకు సొంతిల్లు కట్టుకున్నాక ఆ మొక్కల్ని ప్రహరీ పొడుగునా నాటాం. ఇప్పుడవి గోడ దాటి పెరిగాయి. కాయలు కోయడం అయ్యేదాకా ఎవర్నీ కత్తెర ముట్టుకోనివ్వను.