మైలేజీ డబ్బా

ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నేనే అన్న మాట. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో చూస్తాను.

శంషాబాద్‌లో విమానాశ్రయానికి వెళ్లే దారి పక్కన నాకు కార్ల షెడ్డు ఉంది. అప్పట్లో డీజిల్ బండ్లకు చిన్న నల్ల డబ్బా ఒకటి బిగించేవాడిని. పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అని చెప్పేవాడిని. క్యాబ్ డ్రైవర్లు దాన్ని మైలేజీ డబ్బా అనేవారు.

అది ఏం చేస్తుందో ఏ డ్రైవరుకూ చెప్పలేదు. బండిలోని కంప్యూటరుకు అది తప్పుడు కబురు అందిస్తుంది, డీజిల్ ఒత్తిడి తక్కువగా ఉందని. కంప్యూటరు నమ్మి ఇంకొంచెం డీజిల్ తోస్తుంది. పికప్ వచ్చేది అందుకే. కానీ అలా ఎక్కువ తోసిన డీజిల్ కంప్యూటరు లెక్కలోకి రాదు కాబట్టి మీటర్లో మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది, ట్యాంకు మాత్రం మునుపటి కంటే త్వరగా ఖాళీ అవుతుంది. పైగా నేను డబ్బా బిగించిన రోజే టైర్లలో గాలి నింపి, ఎయిర్ ఫిల్టర్ మార్చేవాడిని. ఆ పుణ్యమంతా డబ్బాకే కట్టబెట్టేవాడిని.

మొదట్లో నాకూ తెలియదు. ఈ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ యాదగిరి వచ్చేనాటికి నాకు అంతా తెలుసు.

యాదగిరిది పాల్మాకుల. చేను ప్లాట్లయ్యాక కారు కొనుక్కుని విమానాశ్రయం క్యాబ్ నడిపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా పని తెలిసినవాడినని నన్ను అన్నా అని పిలిచేవాడు. డబ్బా పెట్టించుకున్న నెలకు మళ్లీ వచ్చాడు.

"అన్నా, మీటర్ల ఇరవై రెండు చూపెడుతున్నది. నేను బంకుల బండిని ఊపి ఊపి మూతి దాంక నింపిచ్చి చూసిన. పద్దెనిమిది గూడ వస్తలేదు. ఏంది గిది?"

ట్యాంకులో గాలి మిగలకుండా బండిని ఊపి మరీ కొలిచాడు. నిజం ఆయన చేతికి దొరికింది. డబ్బా పీకేద్దాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? షెడ్డులో ఇంకో ఇద్దరు డ్రైవర్లు వింటున్నారు, వాళ్ల బండ్లకూ నేనే ఆ డబ్బా పెట్టాను.

"మీటర్ ఎందుకు తప్పు చూపెడ్తది యాదన్నా? నీ కాలు బరువున్నది. రేస్ జర తక్కువియ్యి."

ఆ ఇద్దరూ నవ్వారు. యాదగిరి తన కుడికాలు చూసుకుని తనూ నవ్వాడు.

"నాగలెంబడి నడిసిన కాలు గదా అన్నా. గట్లనే ఉంటది."

ఆ నవ్వు చూసి నాకు సిగ్గేయలేదు. గండం గడిచిందనుకున్నాను. నేను ఎలాంటివాడినో తెలుసుకోవడానికి ఇంకేం కావాలి?

ఆ తర్వాత ఆయన చెప్పులు విప్పేసి వట్టి కాలితో నడపడం మొదలుపెట్టాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల వెనక నెమ్మదిగా పోయేవాడు. అయినా డీజిల్ మిగలకపోయేసరికి ఏసీ బంద్ పెట్టాడు, అదీ ఎండాకాలంలో. ఎక్కినవాళ్లు ఉక్కపోతకు తిట్టారు, విమానం తప్పిపోతుందని తిట్టారు, క్యాబ్ కంపెనీకి ఫిర్యాదులు పెట్టారు. చివరికి కంపెనీ ఆయన ఐడీ ఆపేసింది. కారు అమ్మేశాడు.

అమ్మేముందు డబ్బా తీయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. ఇక కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది. డబ్బా నా చేతిలో పెట్టి, "ఇది మంచిదే అన్నా, నాకే నడుపుడు రాలే. ఇగ ఎవ్వరికన్న పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఆ వారమే ఇంకో బండికి పెట్టాను.

ఇప్పుడు ఆ డబ్బాలు అమ్మడం లేదు. మారిపోయానని అనుకోకండి. క్యాబులన్నీ గ్యాసుకూ కరెంటుకూ మారాయి, అంతే. యాదగిరి మహేశ్వరంలో ఒక వెంచరుకు కాపలా ఉంటున్నాడు. చేను పోగొట్టుకున్న మనిషి ఎవరివో ప్లాట్లకు కాపలా. రోడ్డు మీద కనిపిస్తే ఇప్పటికీ నాకు చెయ్యెత్తి నమస్తే పెడతాడు. కారు మళ్లీ కొనవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, మన కాలు బరువుకు కార్లు ఆగవు అంటాడట.

చెప్పాలని రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ మహేశ్వరం దారిలో తుక్కుగూడ దాకా పోయి తిరిగొచ్చాను. నన్ను క్షమిస్తాడేమోనని భయం. క్షమించి, మళ్లీ అన్నా అంటాడేమోనని.

తప్పు నీ కాలిది కాదు యాదన్నా, నాది. ఇక్కడ రాయగలిగాను. రాశాక గుండెల మీద బరువు కాస్త దిగినట్టుంది. అదీ నాకే దిగింది. ఆయన మాత్రం తనకు బండి నడపడం రాదనే అనుకుంటూ ఆ ప్లాట్ల మధ్య కూర్చుని ఉన్నాడు.